పొద్దు కానరాని వేళ గడియల లెక్క

నీడను చూచి కాలము తెలిసికొనుట మానవజాతి నేర్చిన తొలి విద్యలలో ఒకటి. నిలువుగా నాటిన కర్ర నీడ ఉదయమున పడమటికి సాగును, మధ్యాహ్నమునకు కురుచయగును, సాయంకాలమునకు తూర్పు వైపు చాచుకొనును. ఈ విద్యకు ఒక కర్ర, కొంత చదునైన నేల చాలును. కాని దీనికొక పెద్ద హద్దు కలదు. సూర్యుడు కనిపించినంత సేపే అది పనిచేయును. దినములో దాదాపు సగము రాత్రి. మిగిలిన సగములోను వానకాలపు మబ్బు, చలికాలపు మంచు కొంత భాగమును మింగివేయును. అట్టి వేళలలో పూర్వులు కాలమును ఎట్లు కొలిచినారు? ఎందుకు కొలువవలసి వచ్చినది? కొలిచిన దానిని పదిమందికి ఎట్లు తెలిపినారు? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలింపదలచితిమి.

ముందుగా ఒక మాట. తెలుగున మనము ‘గడియ’ అందుము. ఉర్దూలో ‘ఘడీ’ అందురు. రెండును సంస్కృతములోని ‘ఘటీ’, ‘ఘటిక’ అను మాటల నుండి వచ్చినవే. ఘటి యనగా చిన్న కుండ. కాలమునకును కుండకును సంబంధమేమని సందేహము కలుగుట సహజము. ఆ సంబంధమును వివరించుటయే మా ఉద్దేశము.

అవసరము ఎవరికి కలిగినది?

ఇస్లాము ధర్మమున విధింపబడిన ఐదు నమాజులలో ఫజ్ర్ సూర్యోదయమునకు ముందే జరుగవలెను. మగ్రిబ్ సూర్యుడు అస్తమించిన పిదప. ఇషా పూర్తిగా చీకటి పడిన పిదప. అనగా ఐదింట మూడు నమాజులు సూర్యుడు ఆకాశమున లేని వేళలవే. మిగిలిన జొహర్, అసర్ వేళలను నీడ వలన గుర్తింతురు. మబ్బు పట్టిన నాడు ఆ నీడ దొరకదు. రంజాను మాసమున సహరీ ముగియు వేళ, ఇఫ్తారు వేళ సరిగా తెలియకున్న ఉపవాసమునకే భంగము కలుగును. బౌద్ధ భిక్షువులు మధ్యాహ్నము దాటిన పిదప భోజనము చేయరాదు. హిందువుల ఇండ్లలో పెండ్లి ముహూర్తము అర్ధరాత్రి దాటిన పిదప పడవచ్చును. జాతకము వ్రాయుటకు శిశువు పుట్టిన గడియ తెలియవలెను. కోట కావలివానికి తన వంతు ఎప్పుడు ముగియునో తెలియవలెను.

ధర్మకార్యములకే గాక న్యాయవ్యవహారములకును ఈ అవసరము ఏర్పడినది. ప్రాచీన ఏథెన్సు న్యాయసభలలో వాదికి, ప్రతివాదికి సమానముగా మాటలాడు వ్యవధి ఇచ్చుటకు అడుగున రంధ్రము గల మట్టికుండను వాడెడివారు. కుండలోని నీరు కారినంత సేపే వక్త మాటలాడవలెను. వ్యక్తుల నడుమ వ్యాజ్యములలో సాక్ష్యము చదువునప్పుడు ఆ రంధ్రమును మూసి నీటిని నిలిపెడివారు. అచ్చటి త్రవ్వకములలో దొరికిన అట్టి కుండ ఒకటి దాదాపు ఆరు నిమిషములలో ఖాళీ యగునట్టిది. ఇరాను దేశమున భూగర్భ కాలువల నీటిని రైతులకు వంతులవారీగా పంచుటకు అడుగున రంధ్రము గల లోహపు గిన్నెను వాడినారు. దానిని ‘పెంగాన్’ అందురు. గిన్నె ఇన్ని మారులు మునిగినంత సేపు ఒకని చేనికి నీరు; ఆ పిదప మరియొకని వంతు. రాత్రి యైనను పగలైనను లెక్క తప్పరాదు. తప్పినచో ఒకని పైరు ఎండును. కనుక ఆ గిన్నె చుట్టు రైతులే కూర్చుండి చూచెడివారు. 20వ శతాబ్దమున గడియారములు వచ్చువరకు కొన్ని గ్రామములలో ఈ పద్ధతి నిలిచియుండెను.

నక్షత్రముల సహాయము

రాత్రి ఆకాశము నిర్మలముగా ఉన్నచో అదియే ఒక గొప్ప గడియారము. నక్షత్రమండలమంతయు ధ్రువుని చుట్టు ఒక దినములో ఒకసారి తిరుగునట్లు కనిపించును. వలయమునకు 360 భాగలు. దినమునకు 60 గడియలు. కనుక సప్తర్షి మండలము గడియకు 6 భాగల చొప్పున జరుగును. దానిని చూచి రాత్రి ఎంత గడిచినదో చెప్పవచ్చును. అయితే ఒక చిక్కు కలదు. ప్రతి నక్షత్రము దినదినమునకు దాదాపు 4 నిమిషములు, అనగా 10 విగడియలు, ముందుగా ఉదయించును. నెల తిరుగునప్పటికి ఈ తేడా రెండు గంటలగును. కనుక ఏ మాసమున ఏ చుక్క ఏ జామున ఎచ్చట ఉండునో కంఠస్థము కావలెను.

ఈజిప్టు దేశపు పూజారులు ఈ చిక్కును క్రమపద్ధతిలో పరిష్కరించినారు. 36 నక్షత్ర సముదాయములను ఎన్నుకొని, పది దినములకు ఒకటి చొప్పున వాని ఉదయములను పట్టికలుగా వ్రాసినారు. క్రీ.పూ. 2100 ప్రాంతపు శవపేటికల మూతల లోపలి భాగమున ఇట్టి పట్టికలు చిత్రింపబడి దొరికినవి. రాత్రిని పన్నెండు భాగములుగా విభజించు ఆచారమునకు మూలము ఇదియే.

అరబ్బు, పారశీక పండితులు ‘ఉస్తుర్లాబ్’ అను ఇత్తడి యంత్రమును పరిపూర్ణ దశకు తెచ్చినారు. దానిని వేలాడదీసి, తెలిసిన ఒక నక్షత్రము క్షితిజమునకు ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి, యంత్రము మీది జాలీ వంటి నక్షత్రపటమును అందుకు తగినట్లు త్రిప్పినచో రాత్రివేళ యెంత గడిచినదో లెక్కింపవచ్చును. 13వ శతాబ్దము నుండి కొన్ని పెద్ద మసీదులలో ‘మువఖ్ఖిత్’ అను కాలనిర్ణేత ఉద్యోగము ఏర్పడినది. డమాస్కసు నగరపు ఉమయ్యద్ మసీదున ఆ పదవి వహించిన ఇబ్న్ అల్-షాతిర్ 14వ శతాబ్దపు మహాజ్యోతిశ్శాస్త్రజ్ఞుడు.

మన దేశమున ఫిరోజ్‌షా తుగ్లక్ సుల్తాను ఈ యంత్రమును ఎంతయో ఆదరించినాడు. ఆయన ఆస్థానమున ఉన్న మహేంద్రసూరి అను జైన పండితుడు 1370లో ‘యంత్రరాజము’ అను పేర దానిని గురించి సంస్కృతమున గ్రంథము వ్రాసినాడు. యంత్రములకెల్ల రాజు అని ఆ పేరునకు అర్థము. పరభాషలో వచ్చిన విద్యకు ఇంతకంటె పెద్ద స్వాగతమేమున్నది?

అయినను మబ్బు కమ్మిన రాత్రి ఉస్తుర్లాబ్‌ను పట్టుకొన్న పండితుడును, సప్తర్షులను చూచు పసులకాపరియు ఒక్కటే. ఇద్దరికిని ఏమియు కనిపించదు. ఆకాశముతో పనిలేని కొలత అప్పుడు కావలెను. ఆ కొలతను నీరు ఇచ్చినది.

కారెడు నీరు

నీటితో కాలమును కొలుచుటకు మొదటి పద్ధతి, రంధ్రము గల పాత్రను నింపి నీరు తగ్గుటను గుర్తించుట. ఈజిప్టులోని కర్నాక్ దేవాలయ ప్రాంతమున 1904లో దొరికిన చంద్రకాంతశిలా పాత్ర క్రీ.పూ. 14వ శతాబ్దమున మూడవ అమెన్‌హోటెప్ కాలమునాటిది. దాని లోపల పన్నెండు నెలలకు పన్నెండు వరుసల గుర్తులున్నవి. వేసవి రాత్రి చిన్నది, శీతకాలపు రాత్రి పెద్దది గనుక నెలకొక వరుస కావలసి వచ్చినది.

ఆ పాత్ర గోడలు నిలువుగా లేక పైకి విశాలముగా ఏటవాలుగా ఉన్నవి. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు ఇందలి కారణమును గ్రహింపగలరు. పాత్ర నిండుగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువ. నీరు వేగముగా కారును. మట్టము నాలుగవ వంతునకు దిగినప్పుడు వేగము సగమగును. నిలువు గోడల పాత్రలో సమాన కాలములకు సమానముగా మట్టము తగ్గదు. పైభాగము విశాలమైనచో వేగముగా కారు నీటికి తగినంత నీరు పైన ఉండును. మట్టము ఇంచుమించు సమముగా తగ్గును. ఒత్తిడి సూత్రము తెలియకముందే అనుభవము ఆ శిల్పికి ఈ ఉపాయమును నేర్పినది.

మన దేశమున వేదాంగ జ్యోతిషమునందును, కౌటిల్యుని అర్థశాస్త్రమునందును ఇట్టి కారెడు నీటి పాత్రయే కనిపించును. ‘నాడిక’ లేక ‘నాళిక’ అను కాలమానము దాని వలన ఏర్పడినదే.

మునిగెడు గిన్నె

తరువాతి కాలమున మన దేశమున ఇంకొక పద్ధతి వ్యాపించి మొదటి దానిని మరుగుపరచినది. రాగితో అర్ధగోళాకారమున పలుచని గిన్నెను చేసి, అడుగున సన్నని రంధ్రము పొడిచి, నీటితొట్టిలో తేలవిడుతురు. నీరు రంధ్రము గుండ మెల్లగా లోనికి వచ్చును. నిండినంతనే గిన్నె మునుగును. కాపలా ఉన్నవాడు దానిని పైకి తీసి, ఖాళీ చేసి, మరల తేలవిడుచును. దీనిని సంస్కృతమున ఘటికాయంత్రమనియు, తెలుగున గడియకుడుక యనియు అందురు. ఒక మునుక ఒక గడియ. నేటి లెక్కలో 24 నిమిషములు. నిర్మలమైన నీటిలో ఉంచిన గిన్నె అహోరాత్రమున 60 మారులు మునుగవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. కాలమునకు కుండ పేరు వచ్చుటకు కారణమిదియే.

గిన్నె ఎంత బరువుండవలెను, రంధ్రమును ఎన్ని మాషముల బంగారు సూదితో పొడవవలెను అని పూర్వ గ్రంథములలో కొలతలు కలవు. కాని చేతిపనిలో అంత ఖచ్చితముగా కుదురుట కష్టము. దీనికి 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో చక్కని ఉపాయము చెప్పినాడు. గిన్నె ఎట్టిదైనను సరియే. అది ఒక పగలు, ఒక రాత్రి కలిసి ఎన్ని మారులు మునుగునో లెక్కింపుము. 60ని ఆ సంఖ్యచే భాగింపుము. వచ్చినది ఆ గిన్నె యొక్క కొలత. ఒక గిన్నె 72 మారులు మునిగినదనుకొందము. అప్పుడు ఒక మునుక గడియలో ఆరింట ఐదు వంతులు, అనగా 20 నిమిషములు. పరికరము శాస్త్రవాక్యమునకు సరిపోవలెనను పట్టుదలను విడిచి, పరికరమును ఆకాశముతో సరిచూచుకొనవలెనని ఆ ఆచార్యుడు బోధించినాడు. ప్రయోగశాలలో మన విద్యార్థులు చేయునది ఇదియే గదా!

క్రీ.శ. 7వ శతాబ్దమున నలందలో చదివిన చీనా యాత్రికుడు ఇత్సింగ్ అచ్చటి నీటి గడియారమును వర్ణించినాడు. రాజులు దానమిచ్చిన ఆ యంత్రమును బాలురు కనిపెట్టి ఉండెడివారు. గిన్నె మొదటి మారు మునిగినప్పుడు భేరిపై ఒక దెబ్బ, రెండవ మారు రెండు, మూడవ మారు మూడు, నాలుగవ మారు నాలుగు దెబ్బలు, పిదప శంఖధ్వని. అంతటితో ఒక జాము ముగియును. మహాబోధి విహారమున మాత్రము ఉదయము నుండి మధ్యాహ్నము వరకు గిన్నె 16 మారులు మునుగునట. గిన్నెలు వేరు, లెక్కలు వేరు. కాని మధ్యాహ్నము ఒక్కటే. మబ్బుపట్టిన పగలు మధ్యాహ్న నిర్ణయమున పొరపాటు లేదనియు, వానలు విడువని రాత్రులలోను జాములు తప్పవనియు ఆయన మెచ్చుకొన్నాడు.

ఘడియాలు మ్రోత

కొలిచిన కాలము కొలిచినవాని వద్దనే నిలిచినచో లోకమునకు లాభము లేదు. ఫిరోజ్‌షా తుగ్లక్ ఢిల్లీలోని ఫిరోజాబాదు కోటపై ‘తాస్-ఇ-ఘడియాల్’ను నెలకొల్పినాడు. గిన్నె మునిగినప్పుడెల్ల లోహపు పళ్ళెమును మ్రోగించెడివారు. దాని వలని ప్రయోజనములను ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్ వరుసగా పేర్కొన్నాడు. సూర్యుడు మబ్బుచాటున ఉన్నప్పుడు నమాజు వేళలు, ఉపవాస వేళలు తెలియుట వానిలో ముఖ్యమైనది. మహేంద్రసూరి పారశీకుల యంత్రమును సంస్కృతమునకు తెచ్చినాడు. అదే సుల్తాను సంస్కృత గ్రంథముల గిన్నెను మసీదుకు పోవువారి ఉపయోగమునకు కోటపై నిలిపినాడు. ఒకే ఆస్థానమున జరిగిన ఈ ఇచ్చిపుచ్చుకొనుటను విద్యార్థులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెనని మా మనవి.

1526లో ఢిల్లీని జయించిన బాబరు తన ఆత్మకథలో హిందూస్థానపు కాలమానమును శ్రద్ధగా వ్రాసినాడు. ముఖ్యమైన పట్టణములలో ‘ఘడియాలీ’లను ఉద్యోగులుండిరి. రెండు వ్రేళ్ల మందము గల ఇత్తడి పళ్ళెమును ఎత్తైన చోట వ్రేలాడదీసి, ఘడీకి ఇన్ని దెబ్బల చొప్పున కొట్టెడివారు. ‘పహర్’ ముగిసినప్పుడు వేరుగా గుర్తు ఇచ్చెడివారు. ఈ పద్ధతిలో ఒక లోపమును బాబరు కనిపెట్టినాడు. నడిరాత్రి మేలుకొన్నవానికి మూడు దెబ్బలు వినిపించినచో మూడవ ఘడీ యని తెలియును. కాని ఏ పహర్‌లోని మూడవ ఘడీయో తెలియదు. అందుచేత రాత్రులందును, మబ్బు పట్టిన దినములందును ఘడీల దెబ్బల తరువాత కొంచెము ఆగి, అది ఎన్నవ పహరో దాని గుర్తును కూడ మ్రోగింపవలెనని ఆజ్ఞాపించినాడు. పగలు ఎండ కాయునప్పుడు ఈ సందేహమే కలుగదు. ఆకాశమును చూచినచో చాలును. సూర్యుడు లేనివాని ఇబ్బందిని గుర్తించి చేసిన సవరణ ఇది. చక్రవర్తి ఆజ్ఞలలో ఇది చిన్నది కావచ్చును. కాని పడకపై నుండి లేవలేని రోగికి, బాటసారికి, కావలివానికి ఉపకరించినది.

పగటికి నాలుగు, రాత్రికి నాలుగు పహరులు. వేసవిలో పగటి పహరు పెద్దది, చలికాలమున చిన్నది. పహరునకు ఆరు ఘడీలకు తక్కువ, తొమ్మిదింటికి ఎక్కువ ఉండవని అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో వ్రాసినాడు. ఉర్దూలో మధ్యాహ్నమును ‘దోపహర్’ అనుట, తెల్లవారిన పిదప రెండు పహరులు గడిచినవని చెప్పుటయే. తెలుగువారి ‘జాము’ ఆ పహరే. కాపలాకు మనము వాడు ‘పహరా’ అను మాటయు ఉర్దూ ద్వారా ఆ కుటుంబము నుండియే మనకు చేరినది.

ఇతర సాధనములు

బాగ్దాదు ఖలీఫా హారూన్ అల్-రషీద్ 807లో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్‌కు ఇత్తడి నీటిగడియారమును కానుకగా పంపినాడు. గంట గడిచినప్పుడెల్ల గుండ్లు పళ్ళెముపై పడి మ్రోగెడివి. 1206లో అల్-జజరీ తన యంత్రశాస్త్ర గ్రంథమున వర్ణించిన ఏనుగు గడియారము లోపల తిరుగు చక్రములకు, కదలు బొమ్మలకు ఆధారము, నీటిలో మెల్లగా మునుగు రంధ్రపు గిన్నెయే. చీనాలో సుసోంగ్ 11వ శతాబ్దము చివర కైఫెంగ్ నగరమున నీటిచక్రముతో నడుచు గడియార గోపురమును కట్టించినాడు. అంతకు ముందే, 976లో, చలికి నీరు గడ్డకట్టు చిక్కును తప్పించుటకు జాంగ్ సిసున్ అను శిల్పి పాదరసమును వాడినాడు. సుగంధపు పొడిని సన్నని గాడిలో పోసి, అది కాలిన మేరను బట్టి వేళ తెలిసికొనుట కూడ చీనావారి ఆచారము. ఇంగ్లండున 9వ శతాబ్దపు ఆల్‌ఫ్రెడ్ రాజు ఆరు కొవ్వొత్తులతో ఒక దినమును కొలిచెడివాడనియు, గాలికి అవి త్వరగా కరుగుచుండుట చూచి కొమ్ము పలుకలతో లాంతరు చేయించినాడనియు అతని చరిత్ర వ్రాసినవాడు తెలిపినాడు.

గిన్నె వైఫల్యము

ఈ సాధనములు దోషరహితములని మేము చెప్పుట లేదు. నీటిలో నలుసు పడిన రంధ్రము మూసికొనును. చలికి నీరు మందగించి గిన్నె ఆలస్యముగా మునుగును. అన్నింటికంటె పెద్ద అపాయము కాపలావాని నిద్ర. మునిగిన గిన్నె తనంత తాను పైకి రాదు. అది నీటి అడుగున ఉన్నంత సేపు లెక్క ఆగిపోవును.

అక్బరు ఆజ్ఞపై 1587లో ఫైజీ కవి భాస్కరాచార్యుని లీలావతీ గణితమును పారశీకమునకు అనువదించినాడు. దాని పీఠికలో ఒక కథ కలదు. ఆచార్యుడు కుమార్తె వివాహ ముహూర్తమునకు గడియకుడుకను నీటిలో ఉంచినాడట. లీలావతి వేడుకగా వంగి చూచుచుండగా ఆమె ఆభరణము నుండి ముత్యమొకటి జారి గిన్నెలో పడి రంధ్రమును మూసినదట. గిన్నె మునుగలేదు, ముహూర్తము తెలియకయే గడిచిపోయినది. కుమార్తె దుఃఖమును ఉపశమింపజేయుటకు తండ్రి ఆమె పేర గ్రంథము వ్రాసి శాశ్వతకీర్తి నిచ్చినాడని కథ. ఇది చరిత్ర యనుటకు ఆధారము చాలదు. అయినను గడియకుడుకను నమ్ముకొన్న సమాజమునకు ఏ భయముండెనో ఈ కథ చక్కగా తెలుపుచున్నది. సంస్కృత గణితమును గూర్చిన ఈ కథను మనకు భద్రపరచినది పారశీక గ్రంథమగుట మరియొక విశేషము.

ముగింపు

యంత్రపు గడియారములు వచ్చిన పిదప ఘడియాలీల ఉద్యోగములు అంతరించినవి. హైదరాబాదున 1591లో నిర్మింపబడిన చార్మినారునకు 1889లో గడియారములను అమర్చినారు. నేడు ప్రతి విద్యార్థి చేతిలోను సెకండ్లతో సహా చూపు సాధనము ఉన్నది. అందుచేత పూర్వుల గిన్నెను చూచి నవ్వుట తగదు. అంతయు మనవారికే తెలియునని పొగడుట అంతకంటె తగదు. ఎండ లేని వేళ కాలమును నిలిపినవి మూడు: ఒక సామాన్యమైన పాత్ర, దానిని ఆకాశముతో సరిచూచు బుద్ధి, నిద్రమాని కనిపెట్టి పదిమందికి వినిపించు మనిషి. మొదటి రెంటిని గ్రంథములు చెప్పినవి. మూడవవాని పేరు ఏ గ్రంథమునను లేదు. నలంద బాలురు, ఢిల్లీ ఘడియాలీలు, ఇరాను గ్రామముల గిన్నె కాపరులు పేరు లేకయే పోయినారు. ముహూర్తమునకు కూర్చున్నవారును, నమాజుకు లేచినవారును వారి మెలకువనే నమ్మినారు.

మన కళాశాల విజ్ఞానశాస్త్ర విభాగమున ఈ ప్రయోగమును చేయవచ్చునని సూచించుచున్నాము. పలుచని లోహపు గిన్నెకు సన్నని రంధ్రము చేసి, శుభ్రమైన నీటిలో తేలవిడిచి, పది మారులు మునుగుటకు పట్టు కాలమును గుర్తింపవలెను. పిదప చల్లని నీటితో, గోరువెచ్చని నీటితో వేరువేరుగా పరీక్షించి తేడాను వ్రాసికొనవలెను. భాస్కరుని సూత్రముచే ఆ గిన్నె కొలతను లెక్కకట్టవలెను. ఇందుకు ఖర్చు స్వల్పము. ఉర్దూ మాధ్యమ విద్యార్థి ‘ఘడీ’ అనియు, తెలుగు మాధ్యమ విద్యార్థి ‘గడియ’ అనియు తమ తమ పుస్తకములలో వ్రాసికొందురు. ఇద్దరును చూచుచున్నది ఒకే గిన్నె యని అప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.